కార్డు సంగతి సరే, బకెట్టు సంగతి వినండి

పరవాడ ఫార్మా సిటీలో పని పడి, నెలకి రెండు మూడు రాత్రులు విశాఖ బీచ్ రోడ్డులో ఒకే పెద్ద హోటల్లో దిగుతున్నాను. కరోనా నెలలు తీసేస్తే 2018 నుంచీ ఇదే వరస. ఆ చైన్ వాళ్ల మెంబర్‌షిప్ కార్డుకి వచ్చే పాయింట్లు, పండ్ల బుట్ట, మేనేజరు సంతకం పెట్టిన స్వాగత పత్రం అందరికీ తెలిసినవే. నాకు ఆ హోటల్ మీద మమకారం బకెట్టు వల్ల.

ఒక ఏడాది చందనోత్సవానికి అమ్మని తీసుకెళ్లాను. సింహాచలం అప్పన్న నిజరూపం ఏడాదికి ఆ ఒక్కరోజే కదా, మూడింటికే తలస్నానానికి లేచింది. అద్దాల గదిలో షవరు చూసి, "ఈ వానలో తడవడానికి ఇంత డబ్బు పోసావేట్రా? బకెట్టు, చెంబు ఏవీ?" అంది. సిగ్గుపడుతూనే ఫోన్ చేశాను. హౌస్‌కీపింగ్ కుర్రాడు ఎక్కడ వెతికాడో, నీలం బకెట్టు, స్టీలు చెంబు పట్టుకొచ్చాడు.

మరుసటి నెల ఒక్కణ్ణే వెళ్తే, పాలరాతి గచ్చు మీద అదే బకెట్టు, అదే చెంబు! "మీ ప్రొఫైల్లో రాసుంది సార్" అన్నారు. అప్పట్నుంచి అడగకుండానే ఉండేవి. కార్డు రంగు మారి పై మెట్టు ఎక్కినప్పుడు కూడా నాకంత గొప్పగా అనిపించలేదు.

పోయినేడు మా ఆఫీసు ట్రావెల్ డెస్క్ వాళ్లు నాలుగొందలు కలిసొస్తాయని ఏదో బుకింగ్ సైట్లో గది తీశారు. పొద్దున్నే గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి వెళ్తే, "ఫస్ట్ టైమా సార్?" అంది రిసెప్షన్‌లో అమ్మాయి. బుకింగ్‌లో మెంబర్ నంబరు లేదు, ఇంటిపేరు స్పెల్లింగు వేరు. కంప్యూటర్ నన్ను కొత్త మనిషిని చేసేసింది. కార్డు చూపించినా టిఫిన్ బిల్లులోనే వేశారు. వెళ్లేరోజు పన్నెండింటికల్లా గది ఖాళీ చేయించారు. సాయంత్రం గోదావరి దాకా లాబీలో కూర్చున్నాను. మారియట్‌లో ఏడాదికి 50 రాత్రులుండి ప్లాటినం మెంబరైతే నాలుగింటి దాకా గది ఉంచుతారు, రిసార్టుల్లో మాత్రం ఖాళీని బట్టే. నాది ఆ చైన్ కాదు. మా హోటల్ వాళ్లు ఎప్పుడూ "ఖాళీ ఉంటే" అనే అంటారు. బయటి సైట్లో తీసిన గదికి పాయింట్లు రాకపోవడం, ఆ రాత్రులు లెక్కకి రాకపోవడం పెద్ద చైన్లలో మామూలేనని నాకు అప్పుడు తెలిసింది.

అవన్నీ పోనీ. బాత్రూంలో బకెట్టు లేదు. అడిగితే తెచ్చారనుకోండి, అడిగాక తేవడం వేరు.

ఇంకోటి ఒప్పుకోవాలి. అదే చైన్ వాళ్ల బెంగుళూరు హోటల్లో నా బకెట్టు సంగతి ఎవరికీ తెలీదు. అక్కడ కార్డుకి పండ్ల బుట్ట వచ్చింది, అంతే. కాబట్టి నేను ఇన్నాళ్లూ కార్డుని పొగిడానా, విశాఖలో ఆ ముక్క రాసి పెట్టిన హౌస్‌కీపింగ్ మనిషినా అని ఇప్పుడు అనుమానం.

గది నేనే వాళ్ల యాప్‌లో తీసుకుని తర్వాత ఆఫీసులో బిల్లు పెట్టుకుంటాను కనక ఈ కార్డు నాకు గిట్టుబాటే. బుకింగ్ మీ చేతిలో లేకపోతే ఆ మాట చెప్పలేను. మొన్న ఫోన్ చేసి రెండు ప్రొఫైళ్లూ కలిపించాను. వచ్చే నెల దిగుతున్నాను, బకెట్టు ఉంటుందో లేదో చూడాలి.