'బ్రీడింగ్ జత' అని చెప్పి ఏంజెల్ చేపలు అంటగడుతున్నారు, జాగ్రత్త

ఏంజెల్ చేపల కోసం ఆదివారం పూట బయలుదేరే హైదరాబాదు మిత్రులారా, ఎనిమిది రోజుల కిందట నేను చేసిన తెలివితక్కువ పని మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను. దుకాణం పేరు రాయడం లేదు. గుమ్మంలోనే నీలిరంగు నీళ్ళ ట్యాంకులు పేర్చి, ఎవరేమడిగినా "మన దగ్గర గ్యారంటీ మాలే" అనే ఆ పెద్దమనిషి ఎవరో అక్కడ కొన్నవారికి చెప్పకుండానే తెలుస్తుంది.

మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంకులో, దాదాపు 200 లీటర్ల నీటిలో, మూడు ఏంజెల్స్ నాలుగేళ్ళుగా హాయిగా ఉంటున్నాయి. రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు తెచ్చినవి ఇప్పుడు నా అరచేతిని మించాయి. వాటికి తోడుగా నల్లటి చారలుండే మార్బుల్ రకం జత ఒకటి ఉంటే బాగుంటుందనిపించి వెళ్ళి, 2,800 రూపాయలు పోశాను. బిల్లు అడిగితే "బిల్లెందుకు మేడమ్, మనది పాత దుకాణమే కద" అన్నాడు. డబ్బు పంపడానికి స్కాన్ చేస్తే ఫోనులో మరెవరిదో పేరు కనబడింది. అయినా పంపాను.

అతడు వలతో ఎత్తి, నుదురు చూపించి, "ఇది మగది, ఇది ఆడది, బ్రీడింగ్ జత" అని ధర రెట్టింపు చేశాడు. ఏంజెల్స్‌లో ఆడామగా నుదురు చూసి తేల్చేవి కావని నాకు తెలుసు. గుడ్లు పెట్టే సమయంలో పొట్ట కింద బయటికి వచ్చే చిన్న గొట్టం ఆడదానికి మొద్దుగా, మగదానికి సన్నగా మొనదేలి ఉంటుంది. కాస్త నమ్మదగిన గుర్తు అదొక్కటే. రెండు ఆడ చేపలు కూడా జతకట్టి గుడ్లు పెట్టడం కద్దు. ఇదంతా తెలిసి కూడా ఆ నల్లటి చారలకు మురిసిపోయి తల ఊపాను. అంతకంటే సిగ్గుచేటైన సంగతి నీళ్ళ రంగు. ఎందుకింత నీలంగా ఉన్నాయని అడిగితే "లుక్ కోసం మేడమ్" అన్నాడు. అది మిథిలిన్ బ్లూ అని, జబ్బు చేపలున్న నీళ్ళలో వేసే మందు అని తెలిసిన నేను, అవును కాబోలు, అందంగానే ఉన్నాయి అనుకున్నాను.

బుధవారానికల్లా ఒక చేప ఫిల్టరు నీళ్ళు పడే చోటు వదలడం లేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒకవైపు మొప్ప పూర్తిగా మూసుకొని ఉంది, రెండోది మాత్రం ఆగకుండా కొట్టుకుంటోంది. రెక్కల మీద రెండు చుక్కలు కనబడినట్టనిపించి, తెల్లమచ్చల రోగమని నాకు నేనే తీర్పు చెప్పుకొని, హీటరును 28 డిగ్రీల నుంచి 30కి పెంచాను. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. మొప్పలు చెడి ఊపిరాడని చేపకు నేను చేసిన వైద్యం అదీ. అది మొప్పలకు పట్టే పురుగు అయివుంటుందని గురువారం రాత్రి తట్టింది. దానికి వాడే ప్రాజిక్వాంటెల్ అనే మందు సంపాదించి వేసేసరికి శుక్రవారమైంది, శనివారం రాత్రి ఆ చేప పోయింది.

ఇక నిన్నటి సంగతి. చనిపోయిన చేపను ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని, అంతకు ముందు చేసిన నీటి పరీక్ష ఫలితం కూడా రాసుకొని వెళ్ళాను. అమ్మోనియా నాళిక పసుపు రంగు దాటలేదు, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 లోపే, అంటే మా నీళ్ళలో తప్పేమీ లేదు. కుళాయి నీటిని ఒక రోజు నిల్వ ఉంచి, యాంటీ క్లోరిన్ కూడా వేసి గానీ ట్యాంకులో పోయనని చెప్పాను. అతడు ఎంతో శ్రద్ధగా విన్నాడు. "జర ఇటియ్యుండ్రి మేడమ్, చూస్తా" అని చెయ్యి చాచాడు. ఇచ్చాను. కవరు విప్పి, ఒక్కసారి తిప్పి చూసి, గుమ్మం బయట ఉన్న మోరీలోకి విసిరేసి, చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగి, "యే చేప మేడమ్? చేప ఏడున్నది?" అన్నాడు.

నాకు రెండు క్షణాలు మాట రాలేదు. అతడి కళ్ళలో కోపం లేదు, తొట్రుపాటు కూడా లేదు. రోజూ చేసే పని చేసినవాడి నిబ్బరం ఉంది. నేను గొంతు పెంచేసరికి అక్కడున్న నలుగురికీ వినబడేలా "నీళ్ళు మార్చుడు రానోళ్ళకు చేపలెందుకు మేడమ్, ప్లాస్టిక్ చేపలున్నయి, తీస్కపోండ్రి" అని నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి తిరిగి, అదే నీలి నీళ్ళ ట్యాంకులోంచి ఒక ఏంజెల్‌ను వలతో తీసి, తండ్రితో వచ్చిన ఎనిమిదేళ్ళ పాపకు కవరులో కట్టి ఇచ్చాడు. అది కొనవద్దని ఆ తండ్రికి చెప్పబోయాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, గొడవలెందుకన్నట్టు పాపను పట్టుకొని వెళ్ళిపోయాడు. ఆయనను తప్పుపట్టలేను, వారం కిందట ఎవరైనా నాకు అడ్డుపడి ఉంటే నేనూ అలాగే చూసి ఉండేదాన్ని.

రెండో మార్బుల్ ఈ ఉదయం పోయింది. నాలుగేళ్ళుగా ఉన్న వాటిలో పెద్దది కత్తి ఆకు మొక్కకు ఒళ్ళు రాసుకుంటోంది, మేత దగ్గరికి రావడం లేదు. మొన్నటిదాకా నా వేలు కనబడితే అద్దం దగ్గరికి ఉరికి వచ్చేది. హీటరు మళ్ళీ 27కి దించాను, నీళ్ళలోకి గాలి బుడగలు వదిలే గాలి రాయి ఇంకొకటి వేశాను, మూడోవంతు నీరు మార్చాను, వారం తరవాత మందు మళ్ళీ వేయాలి. పురుగు గుడ్లకు మందు పనిచేయదు, అవి పొదిగాక వచ్చినవాటిని చంపాలంటే రెండో విడత తప్పదు. ఇంతా చేసి, ఇదంతా రాకుండా ఆపగలిగిన 40 లీటర్ల చిన్న ట్యాంకు మా అటక మీద పాత పేపర్ల కట్టల కింద బోర్లించి ఉంది. కొత్త చేపలను అందులో మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి ఉంటే 2,800తో పోయేది. దించి కడగడానికి బద్ధకించాను.

కొనబోయేవారికి నాకు తోచిన నాలుగు మాటలు. నీళ్ళకు రంగున్న ట్యాంకులోంచి కొనకండి. మీ ముందు మేత వేయించండి, తినని చేపను తీసుకోకండి. రెండు మొప్పలూ సమంగా ఆడుతున్నాయో లేదో కాస్త నిలబడి చూడండి. బిల్లు ఇవ్వనివాడికి డబ్బు ఇవ్వకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేద్దామని తీరా కూర్చుంటే, చూపించడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు.

చేప చనిపోతే ఫోటోలు, వీడియో తీసుకోండి, దాన్ని దుకాణదారు చేతికి మాత్రం ఇవ్వకండి. నా రెండో మార్బుల్ ఇప్పుడు ఫ్రీజర్‌లో, ఐస్‌క్రీం డబ్బాలో ఉంది. మూత మీద 'ఇది ఐస్‌క్రీం కాదు' అని రాసి పెట్టినా మా అత్తయ్యగారు పొద్దున్నించి నాతో మాట్లాడటం లేదు.