మసూదా? భూతకాలమా?

నెమ్మదిగా భయపెట్టే దెయ్యం సినిమా ఒకటి చెప్పమని అడిగినవాళ్ళే వెంటనే ఇంకో ప్రశ్న కూడా వేస్తున్నారు: తెలుగులో వచ్చిన మసూద చూడాలా, మలయాళంలో వచ్చిన భూతకాలం చూడాలా? ఇద్దరికో ముగ్గురికో నోటికొచ్చింది చెప్పి తప్పించుకున్నాను. అది న్యాయం కాదనిపించి, పోయిన వారం రెండు రాత్రులు రెండింటినీ మళ్ళీ చూశాను, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. కథ పూర్తిగా విప్పను గానీ కొంత చెప్పక తప్పదు.

రెండూ 2022లోనే వచ్చాయి. చిత్రమేమిటంటే ఇంటి లెక్కా ఒకటే: భర్త తోడు లేని ఒక టీచరమ్మ, ఎదిగిన బిడ్డ, అంతంతమాత్రం సంపాదన. మసూదలో కూతురు, భూతకాలంలో కొడుకు. ఇంత దగ్గర పోలిక ఉన్నా ఒకటి చూశాక హాయిగా నిద్రపోయాను, రెండోది చూశాక వంటింట్లో లైటు వేసే ఉంచాను.

నెమ్మది అంటే కెమెరా మెల్లగా కదలడం, మాటల మధ్య మౌనం అని చాలామంది అనుకుంటారు. అలా తీసి నిద్రపుచ్చినవి బోలెడున్నాయి. నా లెక్క వేరు. దెయ్యాన్ని చూసిన మనిషి మాటను ఎదుటివాళ్ళు ఎంతసేపటికి నమ్ముతారన్నదే అసలు సంగతి. ఆ ఆలస్యంలోనే భయం ముదురుతుంది.

మసూదలో ఆ ఆలస్యం తక్కువ. నీలం పాత్రలో సంగీత కూతురి వింత ప్రవర్తన చూసి బెదిరిపోయి పక్కింటి కుర్రాడి సాయం కోరుతుంది. ఆ గోపి (తిరువీర్) ధైర్యశాలి కాకపోవడం దర్శకుడు సాయికిరణ్ చేసిన మంచి పని. అతని వణుకు మనకూ అంటుకుంటుంది. కానీ అతను కళ్ళారా చూస్తాడు, నమ్ముతాడు. అక్కడితో "ఇది నిజమేనా?" అన్న ప్రశ్న పోయి "ఇప్పుడేం చేయాలి?" అన్నది వస్తుంది. రెండో సగమంతా మసూద ఎవరు, ఆమెకేమైంది అన్న వెతుకులాట. భయం ఒక పనిగా మారిపోతుంది. ఆ పని ఉత్కంఠగానే ఉంటుంది, చివర్లో ఊపిరి బిగబట్టే చూశాను. కానీ గతమంతా విడమరిచి చెప్పాక దెయ్యానికి ఒక పేరు, ఒక చిరునామా వచ్చేస్తాయి. చిరునామా తెలిసిన దెయ్యంతో ఎలాగో వేగవచ్చు. పైగా నిడివి రెండున్నర గంటలు దాటింది.

భూతకాలం రెండు గంటలలోపే ముగుస్తుంది, అయినా ఎక్కువ బరువుగా ఉంటుంది. అమ్మమ్మ పోయాక ఆ అద్దె ఇంట్లో కొడుక్కి ఏవో అలికిడులు. అతని మాట ఎవరూ నమ్మరు. నమ్మకపోవడానికి కారణాలు కూడా న్యాయమైనవే! ఫార్మసీ చదివి ఉద్యోగం లేదు, తాగుతాడు. తల్లి డిప్రెషన్‌తో బాధపడే మనిషి. ఆ కుటుంబాన్ని తెలిసినవాళ్ళెవరైనా దెయ్యం కంటే ముందు మానసిక వైద్యం గురించే ఆలోచిస్తారు. నేనూ సినిమా సగం దాకా అదే అనుకున్నాను. అంటే అతన్ని నమ్మనివాళ్ళలో నేనూ ఒకణ్ణి. దర్శకుడు రాహుల్ సదాశివన్ నన్ను ఆ పాపంలో భాగస్వామిని చేశాడన్నమాట.

తల్లీకొడుకుల మధ్య మాటామాటా పెరిగే సన్నివేశాలు దెయ్యం సన్నివేశాల కంటే ఇబ్బంది పెడతాయి. ఆ తల్లి పాత్రకే రేవతికి కేరళ రాష్ట్ర ప్రభుత్వ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. కొడుకుగా షేన్ నిగమ్ కూడా తక్కువ చేయలేదు. చివరి రాత్రి ఆ ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడేసరికి నాకు ఏడుపు, వణుకు ఒకేసారి వచ్చాయి.

మనవాళ్ళకు రేవతి అనగానే 1992 నాటి 'రాత్రి' సినిమా గుర్తొస్తుంది. అందులో దెయ్యం పట్టిన అమ్మాయి ఆమే. ఇప్పటికీ చూడదగ్గదే, ముఖ్యంగా శబ్దం కోసం. ఇదే కోవలో చాలామంది చెప్పే హిందీ చిత్రం తుంబాడ్ అందమైన సినిమా, కానీ అక్కడ భయం కంటే దురాశదే పెద్ద పీట. భూతకాలం దర్శకుడే తర్వాత నలుపు తెలుపుల్లో తీసిన భ్రమయుగం మమ్ముట్టి కోసం చూడవచ్చు.

మసూద నలుగురూ కూర్చుని చూసే సినిమా. కేకలు పెట్టేవాళ్ళు పక్కనుంటే ఇంకా బాగుంటుంది. భూతకాలం మాత్రం ఒంటరిగా చూడండి, మలయాళం రాకపోతే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. అమ్మతో మాట పట్టింపులో ఉన్నవాళ్ళు మాత్రం ముందు ఒకసారి ఫోను చేసి మాట్లాడేసి, ఆ తర్వాతే మొదలుపెట్టండి. నేను అర్ధరాత్రి పన్నెండున్నరకు చేసి తిట్లు తిన్నాను.