సీక్వెల్ వచ్చింది: కొత్తది కొనాలా, అబిడ్స్‌లో వెతకాలా, లైబ్రరీలో చదవాలా?

నవల మొదటి భాగం నచ్చి రెండోది కొన్నవాళ్లకి దెబ్బ తగిలేది మధ్యలోనే. మొదటి అధ్యాయాన్ని రచయిత ఒకటికి పదిసార్లు దిద్దుకుంటాడు. సరుకు అయిపోయేది నూరో పేజీ దగ్గర. అందుకే కిండిల్ శాంపిల్ చూసి సీక్వెల్ కొనడం అన్నిటికంటే నాసి పద్ధతి. అందులో వచ్చేది సుమారు మొదటి పదో వంతే.

హైదరాబాద్ కాచిగూడలోని నవోదయ పుస్తకాల షాపులోనో, బుక్ ఫెయిర్‌లోనో నిలబడి తిరగేయడం నయం. మొదటి పేజీలు వదిలేసి, సరిగ్గా మధ్యలో సంభాషణలున్న చోట చదవండి. "అన్నయ్యా, నాన్న పోయాక మామయ్య మన పొలం ఎలా రాయించుకున్నాడో నీకు తెలుసుగా..." ఇద్దరికీ తెలిసిన సంగతి ఒకరికొకరు చెప్పుకుంటున్నారంటే పాత కథ మనకి మళ్లీ వడ్డిస్తున్నట్టే. మొదట్లో అయితే క్షమించొచ్చు. సగం దాటాక కూడా ఇదే వరసైతే చెప్పడానికి కొత్త కథ లేదు. తర్వాత చివరి నుంచి ముప్పై పేజీలు వెనక్కి రండి. అక్కడ కొత్త మనిషిని పరిచయం చేస్తుంటే, ముడి విప్పడానికి ఎవరినో అరువు తెచ్చుకున్నారన్నమాట. చివరి పేజీ మాత్రం చూడకండి, చదివే సరదా పోతుంది.

వారపత్రిక సీరియల్ని దిద్దకుండా అచ్చేసిన పుస్తకాలకి ఇంకో జబ్బుంది. ఆరేడు పేజీలకోసారి తలుపు చప్పుడవుతుంది, లేదా ఫోన్ మోగుతుంది. వారం రోజులు ఆగాల్సిన పాఠకుడికి అది ఉత్కంఠ. పేజీ తిప్పితే చాలనుకున్నవాడికి విసుగు. ఇలాంటివి పూర్తి ధర పెట్టి కొనకండి.

ఆదివారం పాత పుస్తకాలు అమ్మే అబిడ్స్ ఫుట్‌పాత్ వీటికి సరైన చోటు. డబ్బు ఆదా ఒక్కటే కాదు, పాత కాపీ ముందు చదివినవాళ్ల తీర్పు కూడా చెప్తుంది. వెన్ను మీద మడతలు మూడో వంతు వరకే ఉండి, మిగతాది బిర్రుగా ఉంటే ఎవరో అక్కడితో ఆపేశారని అనుకోవచ్చు. కొనేముందు 16, 32, 48 పేజీల తర్వాత వరస సరిగ్గా ఉందో చూడండి. మన పుస్తకాలు ఎక్కువగా 16 పేజీల ఫారాలుగా, అంటే మడిచిన కాగితాల కట్టలుగా కుడతారు కాబట్టి, ఊడితే ఒక ఫారం మొత్తం ఊడుతుంది.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పైసా నష్టం లేదు. కాకపోతే కొత్తవి ఆలస్యంగా వస్తాయి, ఒక్కోసారి మూడో భాగం దొరుకుతుంది, రెండోది ఉండదు.

అసలు రచయిత పోయాక వేరేవాళ్లు కొనసాగించినవైతే? అదీ మనకి కొత్తేం కాదు. తెలుగు భారతంలో నన్నయ సగంలో వదిలిన అరణ్యపర్వాన్ని దాదాపు మూడు శతాబ్దాల తర్వాత ఎర్రన పూరించాడు. నన్నయ శైలిలో ఎత్తుకుని, మెల్లగా తిక్కన శైలికి తెచ్చి వదిలాడు. అంకితం కూడా రాజరాజ నరేంద్రుడికే ఉంచాడు. అతుకు కనపడనివ్వలేదు. అంత ఓపిక ఎవరికైనా ఉందా లేదా తెలియాలంటే ముందుమాట చూడండి. పాత రచయిత ఎక్కడిదాకా రాశారో, ఆ తర్వాత ఎవరు రాశారో విప్పి చెప్పి ఉంటే లైబ్రరీలో తీసుకుని చూడొచ్చు. అట్ట మీద పోయినాయన పేరు పెద్దక్షరాల్లో ఉండి, రాసినవారి పేరు చీమ తలకాయంత ఉంటే, అబిడ్స్‌లో కూడా బేరం మొదలుపెట్టకండి.