శోధగంగలో ఉంచితే చాలా, పుస్తకం కూడా వేయాలా?

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే యూజీసీ కేంద్రం) నడిపే శోధగంగ అనే ఆన్‌లైన్ సిద్ధాంత గ్రంథాల భాండాగారంలో పెడితే చదివేవాళ్లకు పైసా ఖర్చు లేదు. ఆదిలాబాద్ విద్యార్థి కూడా ఇంట్లోంచే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కానీ నేను తెరిచిన తెలుగు గ్రంథాల్లో చాలావాటికి స్కాన్ పేజీలే ఉన్నాయి. లోపల ఒక్క పదం వెతికినా దొరకదు, అదే బాధ.

పుస్తకానికి డబ్బూ, ప్రూఫులు దిద్దే ఓపికా కావాలి. అయితే పరీక్షకుల కోసం రాసిన బరువైన వాక్యాలను మామూలు పాఠకుడి కోసం తిరగరాసేది అప్పుడే. ఉస్మానియాలో ఆధునిక కవిత్వంపై సి.నారాయణరెడ్డి, జానపద గేయాలపై బిరుదురాజు రామరాజు చేసిన పరిశోధనలు పుస్తకాలయ్యాకే క్యాంపస్ దాటి ఇళ్లలోకి వచ్చాయి. సాహిత్యం, చరిత్ర మీద పనిచేసినవాళ్లు అప్పు చేసైనా పుస్తకం వేయాలంటాను. కెమిస్ట్రీ వాళ్లకు శోధగంగ, జర్నల్ వ్యాసాలు సరిపోతాయి.