గర్భధారణకు ముందు కౌన్సెలింగ్ సేవ: పరీక్షలు మేలైనవి, కరపత్రం మార్చవలసినది

మా బాబుకు ఎనిమిదేళ్లు. ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం వంటి లక్షణాలతో కనిపించే ఏడీహెచ్‌డీ వాడికి ఉందని నిరుడు నిర్ధారణ అయింది. రెండో బిడ్డ గురించి ఆలోచన మొదలైనప్పుడు, గర్భం దాల్చడానికి ముందే తల్లి ఆరోగ్యాన్ని పరిశీలించి సలహాలిచ్చే ఒక కౌన్సెలింగ్ సేవలో నేనూ మావారూ చేరాం. మూడు నెలల్లో నాలుగు విడతల సంప్రదింపులు, రక్తపరీక్షలు, ఆహార నిపుణురాలితో ఒక సమావేశం, చివర ఒక లిఖిత నివేదిక వారు అందించారు. ఆ సేవ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క చోటే ఉంటుందని నాకు నమ్మకం లేకపోవడమే అందుకు కారణం.

ముందుగా మంచి చెప్పాలి. మొదటి విడతలో రక్తపోటు, రక్తహీనత, థైరాయిడ్, గత మూడు నెలల చక్కెర సగటు, రుబెల్లా రోగనిరోధకత అన్నీ చూశారు. నేను అప్పటికి వాడుతున్న మందులన్నింటినీ ఒక్కొక్కటిగా అడిగి రాసుకున్నారు. గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలని చాలామందికి చెబుతారు. శిశువు వెన్నుపాము, మెదడు రూపుదిద్దుకునే నాడీనాళం గర్భం దాల్చిన నాలుగు వారాలకే మూసుకుంటుంది కనుక, నెల తప్పిన తర్వాత మొదలుపెట్టిన మాత్ర ఆ పనికి ఆలస్యమవుతుంది. బరువు ఎక్కువగా ఉన్న స్త్రీలకు ఇంకా పెద్ద మోతాదు అవసరం కావచ్చు. నాకు ఎంత అవసరమో వైద్యురాలు విడిగా నిర్ణయించి రాసిచ్చారు. నా మొదటి గర్భం సమయంలో ఈ విషయాలు నాకు ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు.

నా బీఎమ్ఐ 31. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే ఈ అంకె 18.5 నుంచి 24.9 వరకు ఉంటే సాధారణమని, 25 దాటితే అధిక బరువని, 30 దాటితే స్థూలకాయమని లెక్క. ఆసియా మూలాలున్నవారు 23 దాటినప్పటి నుంచే జాగ్రత్తపడటం మేలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం సూచించింది. ఈ సేవవారి దరఖాస్తులో ఆ హద్దు ప్రస్తావన లేదు. అది చిన్న లోటు. నన్ను బాధించినది దాని తర్వాత చేతికిచ్చిన కరపత్రం.

అందులో ఒక పేజీ మొత్తం పిల్లల ఏడీహెచ్‌డీ గురించే ఉంది. గర్భానికి ముందు బరువు ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఈ సమస్య వచ్చే ముప్పు గణనీయంగా ఎక్కువని, కాబట్టి బరువు తగ్గి బిడ్డను కాపాడుకోవాలని దాని సారాంశం. ఎంత ఎక్కువ, దేనితో పోలిస్తే ఎక్కువ అన్నవి లేవు. ఇప్పటికే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడిని పెంచుతున్న తల్లి ఆ పేజీ చదివితే ఏమనుకుంటుందో రాసినవారు ఊహించినట్టు లేదు. ఆ రాత్రి నేను పాత ప్రసవం ఫైలు బయటికి తీసి, బాబు కడుపులో పడేనాటికి నా బరువెంతో వెతికాను. 28 దగ్గర ఉన్న అప్పటి బీఎమ్ఐ అంకెను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఈ సేవకు నేను కృతజ్ఞతతో ఉండటానికి అసలు కారణం మూడో విడతలో మాట్లాడిన వైద్యురాలు. కరపత్రం చూపించి, "నా బరువు వల్లే మా బాబుకు ఇలా అయిందా డాక్టర్ గారూ?" అని అడిగాను. ఆమె వెంటనే కాదని ఓదార్చి వదిలేయలేదు. కాగితం తీసుకుని, ఈ సంబంధం ఎలా బయటపడిందో, ఎక్కడ బలహీనపడిందో వరుసగా వివరించారు. ఆమె చెప్పినవాటిని నేను తర్వాత స్వయంగా చదివి సరిచూసుకున్నాను.

2008లో స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాల గర్భిణుల బృందాలను కలిపి, బడి వయసుకు వచ్చిన 12 వేలకు పైగా పిల్లలను పరిశీలించిన అధ్యయనంలో, గర్భానికి ముందు తల్లి బీఎమ్ఐ పెరిగేకొద్దీ పిల్లల్లో ఏడీహెచ్‌డీ లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. ఆ తర్వాత 2014లో, స్వీడన్‌లో 1992 నుంచి 2000 మధ్య పుట్టిన 6,73,632 మందిని పరిశీలించిన మరో అధ్యయనం వెలువడింది. సాధారణ బరువున్న తల్లుల పిల్లలతో పోలిస్తే, అధిక బరువున్న తల్లుల పిల్లల్లో ఏడీహెచ్‌డీ దాదాపు 1.23 రెట్లు, స్థూలకాయం ఉన్న తల్లుల పిల్లల్లో 1.64 రెట్లుగా నమోదైంది. కరపత్రం రాసినవారు ఇంతవరకే చదివి ఆగిపోయారేమో అనిపించింది.

ఎందుకంటే ఆ అధ్యయనంలో అసలు విలువైన భాగం దాని తర్వాత ఉంది. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పరిశోధకులు విడిగా పోల్చారు. ఒక బిడ్డ కడుపున పడేటప్పటికి తల్లి సన్నగా ఉండి, తర్వాతి బిడ్డ నాటికి బరువు పెరిగిన కుటుంబాలు ఇందులో ఉంటాయి. బరువే గర్భంలో నేరుగా పనిచేసే కారణమైతే, ఎక్కువ బరువున్నప్పుడు పుట్టిన బిడ్డకే సమస్య ఎక్కువగా రావాలి. అలా పోల్చినప్పుడు ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. తల్లి బరువునూ తండ్రి బరువునూ పక్కపక్కన పెట్టి బ్రిటన్, నెదర్లాండ్స్ పిల్లల్లో చూసిన 2011 నాటి అధ్యయనంలో కూడా తల్లి బరువుకు మాత్రమే ప్రత్యేకమైన ప్రభావముందని నిలకడగా తేలలేదు. అంటే బరువు, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే కుటుంబంలో కలిసి కనిపించడానికి, ఆ కుటుంబంలో ఉమ్మడిగా ఉన్న జన్యువులు, జీవన పరిస్థితులు పెద్ద కారణం కావచ్చు.

"ఏడీహెచ్‌డీ విషయంలో వంశపారంపర్యం చాలా బలమైనది. కవల పిల్లల అధ్యయనాల సగటు చూస్తే, మనుషుల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు 74 శాతం జన్యుపరమైన తేడాలతో ముడిపడి ఉంది. ఏడీహెచ్‌డీకి సంబంధించిన జన్యు లక్షణాల్లో కొన్ని అధిక బరువుతోనూ ముడిపడి ఉన్నాయి. మీ ఇద్దరిలో ఎవరికైనా చిన్నప్పుడు ఇలాంటి ఇబ్బందులు ఉండేవా?" అని ఆమె అడిగారు. అప్పటివరకు పక్కన మౌనంగా ఉన్న మావారు తన బడి రోజుల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. పెళ్లయిన పదేళ్లలో నేను ఆ సంగతులు ఎప్పుడూ వినలేదు. ఈ ప్రశ్న మొదటి విడత దరఖాస్తులోనే ఉండవలసింది. తల్లి బరువు గురించి అందులో తొమ్మిది ప్రశ్నలున్నాయి. తండ్రి బరువు గురించి గానీ, ఇరువైపుల కుటుంబాల్లో ఏడీహెచ్‌డీ గురించి గానీ ఒక్కటీ లేదు.

ఆమె చూపించిన మరో లెక్క కూడా కరపత్రంలో ఉండి తీరాలి. ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో ఏడీహెచ్‌డీ దాదాపు 5 శాతం. నూరుమందిలో ఐదుగురికి ఉంటుందనుకుంటే, 1.64 రెట్లు అంటే సుమారు ఎనిమిది మంది. మిగిలిన 92 మందికి రాదు. రెట్లలో చెబితే తల్లికి కలిగే భయానికీ, మనుషులను లెక్కపెట్టి చెబితే కలిగే అవగాహనకూ ఎంత తేడా ఉందో ఆ రోజు నాకు అర్థమైంది.

తల్లి బరువుకు శిశువు మెదడుతో ఏ సంబంధమూ లేదని మాత్రం ఆమె అనలేదు. స్థూలకాయంలో శరీరమంతటా ఉండే స్వల్పస్థాయి వాపు (ఇన్‌ఫ్లమేషన్), ఇన్సులిన్, ఆకలిని అదుపుచేసే లెప్టిన్ హార్మోన్లలో మార్పులు, రక్తంలో చక్కెర హెచ్చుతగ్గులు పిండం మెదడు ఎదుగుదలను ప్రభావితం చేయవచ్చని జంతువులపై చేసిన ప్రయోగాలు సూచిస్తున్నాయి. నెలలు నిండకుండా పుట్టడం ఏడీహెచ్‌డీ ముప్పును పెంచే అంశాల్లో ఒకటి. తల్లి స్థూలకాయం ముందస్తు ప్రసవం అవకాశాన్ని కొంత పెంచుతుంది కనుక ఆ దారిలో కొంత ప్రభావం ఉండవచ్చు. నిజాయితీగా చెప్పదగినది ఇంతే, ఆమె ఇంతే చెప్పారు.

బరువు తగ్గాలన్న సలహాకు ఏడీహెచ్‌డీ భయం అవసరమే లేదు. గర్భకాల మధుమేహం, గర్భిణుల్లో రక్తపోటు ప్రమాదకరంగా పెరిగే ప్రీఎక్లాంప్సియా, సిజేరియన్ అవసరం, శిశువులో నాడీనాళ లోపాలు అధిక బరువుతో పెరుగుతాయని గట్టి ఆధారాలున్నాయి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడతాయని, దాన్ని గర్భానికి ముందే నెమ్మదిగా సాధించాలని, గర్భం వచ్చాక బరువు తగ్గే ఆహార నియమాలు పెట్టుకోకూడదని చెప్పారు. బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి నేను అడిగితే, సెమాగ్లూటైడ్ వాడుతుంటే గర్భానికి ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందు ఆపాలని స్పష్టంగా చెప్పారు. గర్భం సమయంలో నా బీఎమ్ఐ ఉన్నవారు 5 నుంచి 9 కిలోల వరకు పెరగడం సముచితమన్న 2009 నాటి అమెరికా మార్గదర్శకాన్ని కూడా వివరించారు.

ఆహార నిపుణురాలితో సమావేశం ఇరవై నిమిషాల్లో ముగిసింది. అందరికీ ఇచ్చే పట్టికే నాకూ ఇచ్చారు.

కరపత్రం గురించి నేను లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాను. పరిశీలిస్తామని జవాబు వచ్చింది. ఇది రాసేనాటికి పాత కరపత్రమే ఇస్తున్నారు. ఈ సేవలో చేరమనే నేను చెబుతాను, ముఖ్యంగా మధుమేహం, రక్తపోటు, థైరాయిడ్ సమస్యలున్నవారు చేరాలి. ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డను ఇప్పటికే పెంచుతున్నవారు ఆ పేజీని పక్కనపెట్టి, వైద్యులతో మాట్లాడే విడతను ముందుకు జరపమని అడగాలి. కుటుంబ చరిత్రను వారు అడగకపోయినా ఇరువైపులదీ తామే చెప్పాలి.

నాలుగో విడతలో, నా కోరికపై, వైద్యురాలు నివేదిక చివర ఒక వాక్యం చేతితో రాసి సంతకం చేశారు: "మొదటి బిడ్డకు ఏడీహెచ్‌డీ రావడానికి తల్లి బరువు కారణమని చెప్పేందుకు ఆధారం లేదు." ఆ కాగితాన్ని నేను పాత ప్రసవం ఫైలులో, బరువు అంకె ఉన్న పేజీకి ఎదురుగా పెట్టాను.