హైదరాబాద్ ఫుల్ మారథాన్ రివ్యూ: రేసు సూపర్, కానీ టీషర్ట్ మీద ఏం రాసుకుని పరిగెత్తుతున్నాం?

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగున్నర. ఆ అర పాయింట్ ఎందుకు కట్ చేశానో చెప్పాలనే ఇంత పెద్ద పోస్ట్, ఓపికుంటే చదవండి.

ముందు రేసు సంగతి. ఫ్లాట్‌గా ఉండే రోడ్డు మీద టైమింగ్ కొట్టి స్క్రీన్‌షాట్ పెట్టుకోవాలనుకునేవాళ్ళకి ఇది కాదు, ముంబై వెళ్ళండి. ఇక్కడ ఆగస్టు చివర్లో పెడతారు, వాన పడితే షూస్ నిండా నీళ్ళు, పడకపోతే ఉబ్బరం, చెమట ఆరనే ఆరదు. పీపుల్స్ ప్లాజా దగ్గర చీకట్లో స్టార్ట్, నెక్లెస్ రోడ్ మీద హుస్సేన్ సాగర్ గాలికి హాయిగా ఉంటుంది, అక్కడ అందరూ స్పీడ్ పెంచేస్తారు, దయచేసి పెంచకండి. ఎందుకంటే పంజాగుట్ట ఫ్లైఓవర్‌తో మొదలవుతుంది అసలు కథ, తర్వాత కేబీఆర్ పార్క్ వైపు ఎక్కడం, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, దిగామనుకునేలోపు మళ్ళీ ఎక్కడం, కేబుల్ బ్రిడ్జి, మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ, ఇలా ఫ్లైఓవర్ల మీద ఫ్లైఓవర్లు. సగం దాటాక ఎండ కూడా మొదలవుతుంది, యూనివర్సిటీ వైపు వచ్చేసరికి చాలామంది నడుస్తుంటారు, నడవడంలో తప్పేం లేదు. చివరికి గచ్చిబౌలి స్టేడియంలోకి అడుగు పెట్టినప్పుడు ఆ ట్రాక్ మెత్తదనం కాళ్ళకి తగులుతుంది చూడండి, అదొక్కటి చాలు మళ్ళీ రిజిస్టర్ చేసుకోవడానికి.

వాలంటీర్లు మాత్రం బంగారం. ఇంజినీరింగ్ పిల్లలు, పొద్దున్నే లేచి వచ్చి ఉప్పు పట్టుకుని, నారింజ తొనలు పట్టుకుని "అన్నా ఇంకొంచెమే అన్నా" అని అరుస్తూ ఉంటారు, ఇంకొంచెం కాదని వాళ్ళకీ తెలుసు మనకీ తెలుసు, అయినా ఆ అరుపుకి కాలు కదులుతుంది. నీళ్ళు ఎక్కడా అయిపోలేదు.

ఇప్పుడు అర పాయింట్ సంగతి. కొన్నేళ్ళుగా ఈ రేసు పేరులోనే ఎన్ఎండీసీ ఉంది. అది మన మాసబ్‌ట్యాంక్‌లో హెడ్ ఆఫీస్ ఉన్న ప్రభుత్వ ఇనుప ఖనిజం కంపెనీ, 1958లో పెట్టారు. దాని ప్రధాన గనులు ఛత్తీస్‌గఢ్ దంతెవాడ జిల్లాలో బైలదిల్లా కొండల మీద ఉన్నాయి, 1968 నుంచి తవ్వుతున్నారు. అరకు రైలు ఎక్కినవాళ్ళందరూ ఆ కొండని చూసే ఉంటారు, తెలియకుండానే. ఎదురుగా పొడుగాటి గూడ్సులు పోతుంటాయి కదా, వ్యాగన్లలో ఎర్రగా ఉండేది ఆ కొండే, కిరండూల్ నుంచి వైజాగ్ పోతూ ఉంటుంది. ఆ లైన్ వేసిందే ప్రధానంగా ఆ ఇనుము జపాన్‌కి పంపడానికి. మనకి మాత్రం అది బొర్రా గుహలు, సొరంగాలు, బొంగు చికెన్. అక్కడి ఊళ్ళవాళ్ళేమో గని మట్టి కొట్టుకొచ్చి శంఖిని నది ఎర్రగా పారుతోందని ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు.

2019 జూన్‌లో వేలమంది ఆదివాసీలు విల్లంబులు, గొడ్డళ్ళు, వండుకునే సామాన్లు పట్టుకుని కిరండూల్‌లో కంపెనీ ఆఫీసు ముందు కూర్చున్నారు. డిపాజిట్ 13 అని ఒక కొండ, వాళ్ళకి అది నంద్‌రాజ్ దేవుడి కొండ. ఎన్ఎండీసీకి 51 శాతం, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మైనింగ్ కార్పొరేషన్‌కి 49 శాతం వాటా ఉన్న జాయింట్ కంపెనీ పేరున లీజు, తవ్వే కాంట్రాక్ట్ అదానీకి. హిరోలి ఊళ్ళో 2014లో గ్రామసభ పెట్టి ఒప్పుకున్నట్టు కాగితాలున్నాయి, అసలు అలాంటి సభే జరగలేదని ఊరివాళ్ళు అంటారు. పనులు ఆపి, ఆ గ్రామసభ మీద విచారణ చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పాకే జనం లేచారు. దేవుడి కొండ గురించి ఆ దేవుణ్ణి కొలిచేవాళ్ళని అడగకుండా సంతకాలు ఎలా వచ్చాయి? ఇది చదివాక ఆ పేరున్న రేసులో ఊరికే పరిగెత్తి మెడల్ వేసుకుని ఫోటో దిగడానికి నాకు మనసొప్పలేదు. మానేయడానికీ మనసొప్పలేదు. అందుకే మా గ్రూప్‌లో కొందరం టీషర్ట్ ముందు "నంద్‌రాజ్ కొండను తవ్వొద్దు" అని, వెనక "నల్లమల చెంచులది" అని తెలుగులో పెద్దక్షరాలతో వేయించుకుని పరిగెత్తాం.

వెనకది ఎందుకంటే, అదే 2019లో నల్లమలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల యురేనియం కోసం సర్వేకి పర్మిషన్ కదిలింది. ఆ వెతుకులాట చేసే అటమిక్ మినరల్స్ డైరెక్టరేట్ హెడ్ ఆఫీస్ కూడా హైదరాబాద్‌లోనే, బేగంపేటలో. చెంచులు, అమ్రాబాద్ జనం రోడ్డెక్కారు, సిటీలో కూడా గొడవైంది, సెప్టెంబర్‌లో అసెంబ్లీ తీర్మానం చేసింది వద్దని. అందుకే నేననేది, కొండ అడవిలో ఉంటుంది కానీ దాని ఫైల్ మన సిటీలో తిరుగుతుంది, కాబట్టి అడగాల్సిన చోటు ఈ రోడ్డే. అమెరికాలో అరిజోనాలో ఓక్ ఫ్లాట్ అనే చోట రాగి గని రాకుండా అపాచీలు శాన్ కార్లోస్ నుంచి అక్కడిదాకా నడిచి, పరిగెత్తి వెళ్తారు, వాళ్ళకి ఆ పరుగే ప్రార్థన. మనం పరిగెత్తేది వాళ్ళలా తాతల నేల మీద కాదు, ఆ నేల గురించి నిర్ణయాలు జరిగే వీధుల్లో.

కేబుల్ బ్రిడ్జి ఎక్కుతుంటే నా పక్కన పరిగెత్తే ఒకాయన, నాకంటే పెద్దాయన, అడిగాడు, "వాళ్ళ డబ్బుతో పెట్టిన రేసులో వాళ్ళకే ఎదురు రాసుకొచ్చావేంటి తమ్ముడూ?" అని. ఊపిరి ఆడటమే కష్టంగా ఉన్న చోట ఆ ప్రశ్న. అన్నా నేను ఎంట్రీ ఫీజు కట్టా, పైగా అది ప్రభుత్వ కంపెనీ, అంటే మనది కూడా, మనది కాబట్టే అడుగుతున్నా అన్నా. ఆయన ఏం అనలేదు, బ్రిడ్జి దిగేదాకా ఇద్దరం ఒకే పేస్‌లో వచ్చాం, దిగాక "హిరోలి ఎక్కడుంది, దంతెవాడకి దగ్గరా?" అని అడిగాడు. మైండ్‌స్పేస్ దాకా చెప్తూనే ఉన్నా. బందోబస్తులో ఉన్న ఒక కానిస్టేబుల్ కూడా టీషర్ట్ చదివి నంద్‌రాజ్ ఎవరు సార్ అని అడిగాడు, ఆపుతాడేమో అనుకున్నా, కానీ నిజంగానే తెలుసుకుందామని అడిగాడు పాపం. ఇంత కష్టమైన రూట్‌లో స్లోగా పోతాం కాబట్టి జనం చదవగలుగుతారు, మాట్లాడగలుగుతారు, ఇది నేను ఊహించని ప్లస్ పాయింట్.

వచ్చేసారి వేయించుకునేవాళ్ళకి ఒక మాట, రబ్బర్ ప్రింట్ అస్సలు వద్దు, అది ఛాతీ మీద ప్లాస్టిక్ అట్టలా అతుక్కుని గాలి ఆడదు, మాలో ఒకతనికి ముప్పై కిలోమీటర్లకే చర్మం ఒరుసుకుపోయి రక్తం వచ్చింది. లేత రంగు పాలిస్టర్ తీసుకుని సబ్లిమేషన్ ప్రింట్ అడగండి, రంగు దారంలోకే దిగుతుంది, చేత్తో రాస్తే ప్రింట్ ఉన్నట్టే తెలీదు. బిబ్‌ని, అంటే రన్నర్ నంబర్ ఉండే కాగితాన్ని, పొట్ట దగ్గరికి దించి పిన్ చేయండి, లేకపోతే అక్షరాలు కప్పేస్తుంది.

రేసు పెట్టేవాళ్ళకి నా రిక్వెస్ట్ ఒకటే. బిబ్‌లు ఇచ్చే ఎక్స్‌పోలో షూస్‌కి, వాచ్‌లకి, ప్రోటీన్ పౌడర్లకి స్టాల్స్ ఇస్తున్నారు. ఒక్క టేబుల్ బైలదిల్లా కింది ఊళ్ళవాళ్ళకి, ఒకటి అమ్రాబాద్ చెంచులకి ఫ్రీగా ఇవ్వండి, వాళ్ళ కొండ గురించి వాళ్ళే చెప్పుకుంటారు. వేలమంది రన్నర్లు ఎలాగూ ఆ హాల్లోంచే నడుస్తారు. ఇస్తానంటే టేబుల్ మోయడానికి, వచ్చినవాళ్ళకి తెలుగులో చెప్పడానికి మా గ్రూప్ రెడీ.