బిస్‌పైరిబాక్ సోడియం 10% ఎస్‌సి సమీక్ష: ఊద చావకపోతే తప్పు సీసాదేనా?

వరి నాటిన రెండు మూడు వారాలకు హైదరాబాద్ చుట్టుపక్కల ఏ మందుల దుకాణంలోనైనా "ఊదకు మందు కావాలి" అని అడిగితే కౌంటరు మీదికి మొదట వచ్చే సీసాల్లో బిస్‌పైరిబాక్ సోడియం 10% ఎస్‌సి అనే కలుపుమందు ఒకటి. ఊద అంటే వరి మడిలో మొలిచే గడ్డి కలుపు. నామినీ గోల్డ్ పేరుతో రైతు నోట నానిన ఈ మందు ఇప్పుడు ఎన్నో కంపెనీల పేర్లతో దొరుకుతోంది. ఘట్‌కేసర్ వైపు మూసీ నీటి కింద వానాకాలం, యాసంగి రెండూ వరే వేసే మడుల్లో ప్రతి పంటకూ దీన్నే కొడితే ఒకే చేను ఏటా రెండుసార్లు ఒకే మందు తాగినట్టు. అందుకే ఇక్కడ దీని గొప్పలకంటే, ఎక్కడ విఫలమవుతుంది, ఎందుకు విఫలమవుతుంది అన్న సంగతులకే ఎక్కువ చోటిస్తున్నాం. సరైన దశలో, సరైన తీరులో కొడితే మా లెక్కలో ఐదుకు నాలుగు. ఆ తగ్గిన ఒక్కటి ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మొక్క పెరగాలంటే వాలీన్, ల్యూసీన్, ఐసోల్యూసీన్ అనే మూడు అమైనో ఆమ్లాలు కావాలి. వాటిని తయారుచేసే ఏఎల్‌ఎస్ అనే ఎంజైమును ఈ మందు కట్టేస్తుంది. ఊద రెండు మూడు రోజుల్లో ఎదుగుదల ఆపేస్తుంది. తర్వాత లేత ఆకులు పాలిపోతాయి. పూర్తిగా ఎండటానికి రెండు వారాలు పడుతుంది, యాసంగి చలిలో ఇంకొంచెం ఎక్కువే. ఐదో రోజున మడిలోకి వెళ్లి పచ్చగా ఉందని మళ్లీ కొట్టడం తొందరపాటు. వరి కూడా కొద్దిగా పసుపెక్కుతుంది గానీ వారం, పది రోజుల్లో తేరుకుంటుంది, ఎందుకంటే ఈ మందును వరి తన లోపలే విరగ్గొట్టుకోగలదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

మోతాదు ఎకరాకు 80 నుంచి 100 మి.లీ. "ట్యాంకుకు ఒక మూత" అనే లెక్క దగ్గరే చాలా చేలు దెబ్బతింటున్నాయి. ముందు మంచినీళ్లు పోసి, మీ నడక వేగంతో, మీ నాజిల్‌తో పావు ఎకరా కొట్టి చూడండి. రెండున్నర ట్యాంకులు పడితే ఎకరాకు పది, అంటే 100 మి.లీ. మోతాదుకు ట్యాంకుకు 10 మి.లీ. ఎకరాకు ఎనిమిది పడితే 12.5, పన్నెండు పడితే 8కి కాస్త పైన. 16 లీటర్ల ట్యాంకుతో ఎకరాకు ఆరే పడుతున్నాయంటే నడక మరీ వేగంగా ఉందని అర్థం. మూత వదిలేసి, మెడికల్ షాపులో దొరికే సూది లేని సిరంజి వాడండి.

ఊద రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడే కొట్టాలి. పిలకలు వేశాక అదే 100 మి.లీ. దానికి సగం మోతాదుతో సమానం. మాడుతుంది, మొదలు నుంచి మళ్లీ లేస్తుంది. కొట్టే ముందు రోజు నీళ్లు తీసేయాలి. కలుపు ఆకులు నీటిపైన కనబడాలి, నేల బురదగా ఉండాలి, నెర్రెలు విచ్చకూడదు. కొట్టిన 48 నుంచి 72 గంటల లోపు మళ్లీ నీళ్లు పెట్టి, మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు వారం దాకా నిలపాలి. కరెంటు కోతకు భయపడి నీళ్లు తీయకుండా కొట్టిన మడిలో మునిగిన ఊదకు మందే అందదు. కొట్టాక ఆరు గంటలు వాన లేకుండా చూసుకోవాలి.

పురుగుమందు కొట్టే గుండ్రటి నాజిల్ దీనికి పనికిరాదు. ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ బిగించి, గన్ను అటూ ఇటూ ఊపకుండా, మొక్కల మీద ఒకే ఎత్తులో పట్టుకుని తిన్నగా నడవాలి. ఊపితే ఒక చారలో రెట్టింపు, పక్క చారలో సగం పడుతుంది. పంపులు, విడిభాగాల కోసం రాణిగంజ్ వెళ్లేవాళ్లు ఒక్కటి కాకుండా ఒకే కొలత నాజిళ్లు రెండు మూడు తెచ్చుకోవడం మంచిది. అరిగిపోయిన నాజిల్ కొత్తదానికంటే ఎక్కువ నీళ్లు వదులుతుంది. నిమిషానికి ఎన్ని మి.లీ. వస్తున్నాయో మగ్గుతో కొలిచి, కొత్తదానికంటే పదో వంతు పెరిగితే మార్చేయండి.

ఇక ఆ తగ్గిన ఒక్క మార్కు సంగతి. ఈ మందు ఊదను చంపుతుంది, చాలా తుంగ జాతులను, కొన్ని వెడల్పాటి ఆకుల కలుపును కూడా చంపుతుంది. కానీ లెప్టోక్లోవా అనే సన్నాకు గడ్డి మీద దీని ప్రభావం మొదటి నుంచీ అంతంతే. వెన్ను వేశాక ఎర్రటి ఛాయలో, సన్నని కొమ్మలుగా విచ్చుకునే గడ్డి అది. అది మిగిలితే మొండికేసిన కలుపు అనుకోకూడదు, అది ఈ మందుకు లొంగే రకమే కాదు. లేత దశలో గుర్తు పట్టాలంటే ఆకు, కాండం కలిసే చోట చూడండి. వరికి అక్కడ తెల్లటి పొర, రెండు వైపులా వెంట్రుకలున్న చిన్న చెవులు ఉంటాయి. లెప్టోక్లోవాకు పొర ఉంటుంది, చెవులు ఉండవు. ఊదకు రెండూ ఉండవు, నున్నగా ఉంటుంది. చేతిలో మొక్క పట్టుకుని అర నిమిషం చూస్తే తేలిపోయే దీన్ని చూడకుండానే మందుల మీద డబ్బు పోస్తున్నారు.

మిగిలింది ఊదే అని తేలాక మడి చెప్పేది వినాలి. బతికిన ఊద చారలు చారలుగా ఉంటే తప్పు నాజిల్‌ది. పల్లపు మూలలోనే ఉంటే నీటిది. ఒకే ఎత్తున అంతటా మాడి మళ్లీ లేస్తే దశ దాటిపోయింది, లేదా మోతాదు తగ్గింది. తుంగ చచ్చి, ఊదలోనే ఒక మొక్క ఎండి దాని పక్కనే అదే వయసుది పచ్చగా నిలిచి, ఆ గుంపు కిందటి పంట కంటే వెడల్పయిందా? అప్పుడు మందును తట్టుకునే ఊద తయారైందని గట్టిగా అనుమానించాలి. అలాంటి మొక్కల్లో కొన్నింటి ఏఎల్‌ఎస్ ఎంజైము ఆకారమే మారి, మందు అతుక్కోదు. మరికొన్ని వరి చేసే పనే చేస్తాయి, మందును లోపలే విరగ్గొట్టేస్తాయి. ఈ రెండో రకం ఎక్కువ ప్రమాదం. ఎన్నడూ కొట్టని వేరే మందులను కూడా అది విరగ్గొట్టవచ్చు. తక్కువ మోతాదులు ఏటేటా పడితే పెరిగేది ఇదే.

పంజాబ్, హర్యానా గోధుమ చేలలో గుల్లీ డండా అనే ఫలారిస్ మైనర్ గడ్డి ఇలాగే అక్కడ వాడే కలుపుమందు ఐసోప్రొట్యురాన్‌కు లొంగకుండా పోయింది. 1990ల మొదట్లో అది బయటపడే నాటికి ఏళ్ల తరబడి అదే మందు, అదే వరి–గోధుమ వరస. కొన్నిచోట్ల పచ్చి గోధుమను పశువుల మేతకు కోసేయాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన క్లోడినాఫాప్ వంటి మందులకూ ఆ గడ్డి అలవాటు పడింది.

అనుమానం తీర్చుకోవడానికి కుండీల పరీక్ష చాలు. బతికిన మొక్కల్లో ముప్పై, నలభైంటి నుంచి పండిన గింజలు కాగితపు కవరులోకి దులుపుకోవాలి. మందు ఎప్పుడూ పడని గట్టు మీది ఊద గింజలు విడిగా తీసుకోవాలి. కొత్త గింజ నిద్రలో ఉంటుంది కనుక నీడన ఆరబెట్టి రెండు మూడు నెలలు ఆగి కుండీల్లో వేయాలి. రెండు మూడు ఆకుల దశలో కుండీకి పది మొక్కలు ఉంచి, ఎకరాకు 200 లీటర్ల లెక్కన మందు కలపాలి: లీటరుకు 0.25 మి.లీ. సగం మోతాదు, 0.5 పూర్తి, 1 మి.లీ. రెట్టింపు, ఒక వరసకు వట్టి నీళ్లు. 21వ రోజున లెక్కపెట్టాలి. గట్టు ఊద పూర్తి మోతాదుకు చచ్చి, మడి ఊద రెట్టింపుకూ నిలిస్తే ఇక సందేహం అక్కర్లేదు. మొక్కను వేళ్లతో సహా పట్టుకుని రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలుపు విభాగం వారికి చూపించడమూ మంచిదే.

అలాంటి మడిలో ఈ మందు రెట్టింపు కొట్టడం దండగ, వరికీ దెబ్బ. "దీనికంటే గట్టిది" అంటూ ఇచ్చే సీసా మీద టెక్నికల్ పేరు, అంటే లోపలి అసలు మందు పేరు, చదవండి. పెనాక్సులామ్, పైరజోసల్ఫ్యూరాన్, బెన్‌సల్ఫ్యూరాన్, ఇథాక్సీసల్ఫ్యూరాన్, ట్రయాఫమోన్, ఇవన్నీ కట్టేసేది ఆ ఏఎల్‌ఎస్‌నే. దారి మారాలంటే నాటిన మూడు నుంచి ఐదు రోజుల్లో ప్రెటిలాక్లోర్ 50% ఎకరాకు 500 మి.లీ., 20 కిలోల పొడి ఇసుకలో కలిపి పలుచటి నీటిలో చల్లాలి. వెదజల్లే వరిలో, మొలకను కాపాడే సేఫ్‌నర్ ఉన్న ప్రెటిలాక్లోరే వాడాలి, మామూలుది మొలకను కొడుతుంది. తర్వాత మిగిలిన ఊదకు సైహాలోఫాప్ బ్యుటైల్, లేదా ఫ్లోర్‌పైరాక్సిఫెన్ కలిసిన మిశ్రమం, సీసా మీది మోతాదులో. సైహాలోఫాప్‌లో 2,4-డి కలపకండి, ఊద మీద పదును పోతుంది.

అప్పటికీ నిలిచిన మొక్కలను వెన్ను తీయకముందే పీకి, గట్టు మీద వదలకుండా బయటికి తీసుకెళ్లాలి. ఒక్క ఊద దుబ్బు వేల గింజలు రాలుస్తుంది, అదీ వరి కోతకు ముందే. మిగిలిన గింజలు హార్వెస్టర్ జల్లెడల్లో ఇరుక్కుని పక్క ఊరి మడికి వెళతాయి. అందుకే బండి మడిలో దిగేముందే జల్లెడ, కటింగ్ బారు దులిపించండి. అనుమానం ఉన్న మడిని ఆఖర్న కోయించండి.